బడి గంటల్లో ఇన్సులిన్ ఎవరి బాధ్యత?

2023 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాల విద్యాశాఖలకు ఒక లేఖ పంపింది. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలు డాక్టరు చెప్పిన ప్రకారం తరగతి గదిలోనే రక్తంలో చక్కెర చూసుకోవచ్చు, ఇన్సులిన్ వేసుకోవచ్చు, మధ్యలో ఏదైనా తినొచ్చు, టీచర్లు కాదనకూడదు అన్నది దాని సారాంశం. వాళ్లను ఆటలకు పంపాలనీ, పరీక్ష హాల్లోకి గ్లూకోమీటరు, పండు, నీళ్లు తెచ్చుకోనివ్వాలనీ కూడా అందులో ఉంది. ఆ జూలైలో ఉత్తరప్రదేశ్ దీన్ని తన బడులకు ఉత్తర్వుగా జారీ చేసింది. సీబీఎస్ఈ అయితే అంతకు చాలా ముందే, 2017లోనే, బోర్డు పరీక్షలు రాసే మధుమేహ విద్యార్థులు చక్కెర బిళ్లలు, అరటిపండు, శాండ్‌విచ్ వంటివి వెంట తెచ్చుకోవడానికి ఒప్పుకుంది. నీట్, జేఈఈ జరిపే జాతీయ పరీక్షల సంస్థ సూచనల్లోనూ ఇలాంటి వెసులుబాటు ఉంది.

మంచివే. కాదనేదేముంది? అయితే వీటన్నిటిలోనూ ఉన్నవి పిల్లలకు ఇచ్చిన అనుమతులు. పెద్దవాళ్లకు అప్పగించిన పని దాదాపు కనిపించదు. నీట్ రాసే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అనుమతి సరిపోతుంది. రెండో తరగతి చదివే ఏడేళ్ల పిల్లకు సరిపోదు. ఆ పిల్లకు మీటరులో వచ్చిన అంకె చదవడం వచ్చినా, ఆ అంకెకు ఎన్ని యూనిట్లు వేసుకోవాలో లెక్క కట్టడం రాదు. ఒళ్లు తూలుతున్నప్పుడు అసలు మీటరు తీయాలన్న తెలివే ఉండదు. అప్పుడు తరగతిలో ఉన్న పెద్దమనిషి ఎవరైతే వాళ్లే దిక్కు. ఆ మనిషికి మనం ఏం నేర్పాం, ఏం అధికారం ఇచ్చాం, ఏదైనా తేడా జరిగితే ఏ అండ ఇస్తున్నాం అని అడిగితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సూటిగా చెప్పగలిగే జవాబు లేదు.

టైప్-1 అంటే పెద్దలకు వచ్చే షుగర్ లాంటిది కాదు. తీపి ఎక్కువ తినడం వల్లో, కదలకుండా కూర్చోవడం వల్లో రాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఇక బతికినన్నాళ్లూ ఆ ఇన్సులిన్‌ను బయటి నుంచి ఇవ్వాల్సిందే. బిళ్లలతో, చెట్ల మందులతో తీరేది కాదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అట్లాస్ లెక్క ప్రకారం ఇరవై ఏళ్లలోపు టైప్-1 రోగులు మన దేశంలో సుమారు 2.29 లక్షల మంది. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఈ జబ్బు మీద భారత వైద్య పరిశోధన మండలి ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది మాత్రం 2022లోనే. పిల్లకు ఈ జబ్బు అనగానే ‘నువ్వే తీపి పెట్టి చెడగొట్టావు’ అని తల్లిని అనే ఇళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. స్టాఫ్ రూమ్‌లోనూ ఆ మాట వినిపిస్తుంది.

ఈ పిల్లల్లో చాలామందికి రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. మూడు పూటలా భోజనానికి ముందు ఒకటి, రాత్రికి మరొకటి. మధ్యాహ్నం పడే ఇంజెక్షన్ బడి గంటల్లోనే పడుతుంది. కాబట్టే ఇది వైద్యశాఖ ఒక్కదానికే వదిలేసే సంగతి కాదు. ఇన్సులిన్ వేసుకున్నాక అన్నం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. గ్యాస్ అయిపోయిందనో, సరుకు రాలేదనో మధ్యాహ్న భోజనం ముప్పావు గంట జాప్యం కావడం మన బడుల్లో వింతేమీ కాదు. మిగతా పిల్లలకు అది ఆకలి. ఈ పిల్లకు ప్రమాదం. పీఈటీ ఆ రోజు అదనంగా నాలుగు రౌండ్లు పరుగెత్తించినా అంతే. ఆట వల్ల వచ్చే లో షుగర్ వెంటనే రావచ్చు, చాలా గంటల తర్వాత నిద్రలోనూ రావచ్చు.

లో షుగర్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు, గుర్తుపట్టాలని తెలిసి ఉంటే. చెమటలు, చేతుల వణుకు, ముఖం పాలిపోవడం, ఉన్నట్టుండి చిరాకు, అడిగినదానికి పొంతనలేని జవాబు, నోట్‌బుక్‌లో అక్షరాలు వంకర పోవడం, బల్ల మీద తల వాల్చేయడం. ఏమీ తెలియని టీచరుకు ఇవన్నీ పొగరుగానో బద్ధకంగానో కనిపిస్తాయి. ‘లేచి నిలబడు’ అంటారు. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగితే చేయాల్సింది చాలా చిన్న పని: సుమారు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించడం, గ్లూకోజ్ పొడి ఉంటే అదే ఇవ్వడం. పావుగంట ఆగి మళ్లీ చూడటం, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వడం, కోలుకున్నాక బిస్కెట్లో అన్నమో పెట్టడం. ముందే చాక్లెట్ ఇస్తే అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. మీటరు దగ్గర లేకపోతే అనుమానం వచ్చిన వెంటనే చక్కెర ఇచ్చేయాలి. ఎక్కువైతే తర్వాత దించుకోవచ్చు.

ఇందులో జరిగే పెద్ద తప్పు ఇంకొకటి. ‘వెళ్లి హెచ్ఎం గదిలో కూర్చో’ అని పిల్లను ఒంటరిగా పంపేస్తారు. వరండాలోనో మెట్ల మీదో పడిపోతే చూసేవాళ్లు ఉండరు. స్పృహ తప్పితే మన చేతులు అలవాటుగా రెండు పనులు చేస్తాయి. నోట్లో నీళ్లు పోస్తాయి, అరచేతిలో తాళాలగుత్తి పెడతాయి. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. స్పృహలేని పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పోయకూడదు, ఉంటే చక్కెరను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ మన పట్టణాల్లోని చాలా మందుల షాపుల్లో దొరకదు. దొరికినా ఖరీదెక్కువ. ఆ లోటును బడి తీర్చలేదు, ప్రభుత్వం తీర్చాలి. తక్కిన జాగ్రత్తలన్నీ ఒక పూటలో నేర్పదగినవే.

జబ్బు ఉందని ఇంకా తెలియని పిల్లల విషయంలో టీచరు చేయగలిగింది అంతకంటే ఎక్కువ. దీనికి ఇటలీలోని పార్మా ప్రాంతం చెప్పుకోదగ్గ ఉదాహరణ. అక్కడ 1990ల మొదట్లో పిల్లల వైద్యులు బడుల్లో చిన్న పోస్టర్లు అంటించారు. పిల్లలు విపరీతంగా నీళ్లు తాగుతున్నారా, పదేపదే మూత్రానికి వెళ్తున్నారా, పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతున్నారా, చిక్కిపోతున్నారా? అయితే వెంటనే డాక్టరుకు చూపించండి. దాదాపు ఇంతే. దాంతోపాటు ఊళ్లోని డాక్టర్లకు చక్కెర చూసే మీటర్లు ఇచ్చారు. అంతకుముందు ఆ ప్రాంతంలో కొత్తగా మధుమేహం బయటపడిన పిల్లల్లో 78 శాతం మంది కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక దశలోనే ఆస్పత్రికి వచ్చేవారు. ప్రచారం నడిచిన ఏళ్లలో అది 12.5 శాతానికి దిగింది. కొత్త మందు లేదు, కొత్త ఆస్పత్రి లేదు. టీచర్లకూ తల్లిదండ్రులకూ ఏం చూడాలో చెప్పారు.

మన తరగతుల్లో ఇలాంటి లక్షణాలున్న పిల్ల మూడోసారి టాయిలెట్‌కు వెళ్తానంటే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కూర్చోమంటారు. మరుగుదొడ్డి సరిగా లేని బడిలో ఆడపిల్ల నీళ్లు తాగడమే మానేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చాక ఊరి డాక్టరు సెలైన్ బాటిల్ పెడతాడు. చక్కెర చూడకుండా గ్లూకోజ్ ఎక్కించాడా, పరిస్థితి చేయి దాటుతుంది. బడి నోటీసు బోర్డు మీద పదిమంది నాయకుల ఫొటోలకు చోటు దొరుకుతోంది కాబట్టి ఒక్క పోస్టరుకు దొరకదనుకోను.

ఇక బడి సిద్ధంగా ఉండాల్సిన రెండో జబ్బు, తిండి పడకపోవడం సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే ఈ విషయంలో పాశ్చాత్య దేశాల నుంచి మనకు వచ్చే భయం మన పరిస్థితికి సరిగ్గా అతకదు. యూరప్ పరిశోధకులు చైనా, రష్యా, భారత్‌లలో బడి పిల్లల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశం వంతుకు కర్ణాటక పిల్లలను పరీక్షించారు. నిజంగా ఆహార అలర్జీ ఉందనదగ్గవారు అక్కడ 0.14 శాతమే తేలారు. మిగతా చోట్లకంటే తక్కువ. మనకు పడనివీ వేరు. వేరుశనగ, గుడ్డు, పాలు, రొయ్యలతోపాటు శనగలు, వంకాయ వంటివి మన వైద్యుల రాతల్లో కనిపిస్తాయి. కాబట్టి అమెరికాలో కొన్ని బడులు చేసినట్టు వేరుశనగను గేటు బయటే ఆపాలనడం మన దగ్గర తెలివైన పని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరిట నడుస్తున్న మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ, బెల్లం వేసిన రాగి జావ ఉన్నాయి. రక్తహీనత ఉన్న లక్షల మంది పిల్లలకు అవి బలం. ఒక్కరికి పడదని అందరి నోటి దగ్గర చిక్కీ తీసేయడం అన్యాయం.

ఆ ఒక్కరెవరో తెలియకుండా అందరి చేతుల్లో చిక్కీ పెట్టడం మాత్రం నిర్లక్ష్యం. పైగా అదే చిక్కీ, అదే జావ టైప్-1 పిల్లకు ఇన్సులిన్ లెక్కను మార్చేస్తాయి. పిండిపదార్థం ఎంతుందో తెలిస్తే ఆ పిల్లా తినొచ్చు. తెలియకుండా పెడితే ఆ సాయంత్రం చక్కెర మూడొందలు దాటొచ్చు. అంటే వంటగదిలో ఉన్న మనిషికి రెండు జబ్బుల గురించీ చెప్పాలి. మన శిక్షణలన్నీ టీచర్ల దగ్గరే ఆగిపోతాయి. వండి వడ్డించే ఆడవాళ్లను శుభ్రత మీద తప్ప మరే విషయం మీదా ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడరు. ప్యాకెట్లలో వచ్చే ఆహారం మీద గోధుమ, రొయ్య జాతులు, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, గింజపప్పులు, సోయా ఉంటే అట్ట మీద చెప్పాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. గిన్నెలో వండే సాంబారుకు అట్ట ఉండదు. చెప్పాల్సింది వండినావిడే.

కెనడాలోని ఆంటారియోలో 2003లో పదమూడేళ్ల సబ్రీనా షానన్ చనిపోయింది బడి క్యాంటీన్‌లో కొన్న ఆలూ ఫ్రైస్ తిన్నాకే. ఆమెకు పాలపదార్థాలు పడవు. ఫ్రైస్‌లో పాలు లేవు. కానీ జున్ను వేసిన వంటకానికి వాడిన పట్టకారుతోనే వాటినీ వడ్డించి ఉంటారని తర్వాత అనుమానించారు. ఆయాసం చూసి మొదట ఉబ్బసం అనుకున్నారు. అలర్జీ ముదిరినప్పుడు వేయాల్సిన అడ్రినలిన్ పెన్ను ఆమె లాకర్‌లో ఉండిపోయింది. ఆమె పేరు మీదే వచ్చిన సబ్రీనా చట్టం 2006 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2017లో పశ్చిమ లండన్‌లోని ఒక బడిలో సరదాకు విసిరిన చీజ్ ముక్క మెడ మీద పడి పదమూడేళ్ల బాలుడు కుప్పకూలాడు, కొద్ది రోజులకు చనిపోయాడు. బడిలో ఉంచిన అడ్రినలిన్ పెన్ను గడువు తీరి దాదాపు ఏడాది అయిందని 2019లో జరిగిన విచారణలో తేలింది. పెన్ను కొనడం ఒక ఎత్తు, దాని గడువు తేదీ చూసే బాధ్యత ఒకరి పేరున ఉండటం ఇంకో ఎత్తు.

మన దగ్గర ఆ పెన్నే ఓ సమస్య. తొడకు ఆనించి నొక్కితే చాలు మందు దిగే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో సులువుగా దొరకవు. స్తోమత ఉన్నవాళ్లు విదేశాల నుంచి తెప్పించుకుంటారు. అడ్రినలిన్ యాంప్యూల్ మాత్రం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండదగ్గ అతి చౌక మందు. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పిల్లలకు 0.3 మిల్లీగ్రాములు దాటకుండా, తొడ బయటివైపు కండలోకి ఇవ్వాలి. తగ్గకపోతే అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో మళ్లీ ఇవ్వాలి. యాంప్యూల్ విరిచి, సిరంజిలోకి కొలిచి తీయడం గాబరాలో ఉన్న తెలుగు మాస్టారి పని కాదని ఒప్పుకోవాల్సిందే. కానీ దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకుపోయినా, ఆయాసం వచ్చినా, సొమ్మసిల్లినా అది మామూలు దురద కాదనీ, పిల్లను నిలబెట్టకుండా పడుకోబెట్టాలనీ, ఊపిరి ఆడకపోతేనే కూర్చోబెట్టాలనీ, 108తో ‘తిండి పడలేదు, అడ్రినలిన్ కావాలి’ అని స్పష్టంగా చెప్పాలనీ ఆయన నేర్చుకోగలడు. మన ఊళ్లలో అవిల్ ఇంజెక్షన్ చేయించి ఇంటికి పంపేసే అలవాటు బలంగా ఉంది. అవిల్ దురద తగ్గిస్తుంది. మూసుకుపోతున్న శ్వాసను తెరవలేదు.

ఇంజెక్షన్ ఎవరు వేయొచ్చు అన్నదే దేశదేశాల్లో అసలు పేచీ. కాలిఫోర్నియాలో అది ఎనిమిదేళ్లు కోర్టుల్లో నలిగింది. 2005లో మధుమేహ పిల్లల తల్లిదండ్రులు కేసు వేశారు. బడుల్లో నర్సు లేకపోతే శిక్షణ పొందిన మామూలు సిబ్బంది ఇన్సులిన్ ఇవ్వొచ్చని విద్యాశాఖ రాజీకి వస్తే, నర్సుల సంఘం దాని మీద కోర్టుకెక్కింది. ఇది మా వృత్తి, అర్హత లేనివాళ్లకు ఇస్తే పిల్లలకు ప్రమాదం అన్నది వాళ్ల వాదన. తీసిపారేయదగ్గ వాదన కాదు. కానీ ఆ రాష్ట్రంలో అప్పట్లో పూర్తికాలం నర్సు ఉన్న బడులు 5 శాతం మాత్రమే. 2013 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: డాక్టరు రాతపూర్వక సూచన, తల్లిదండ్రుల అంగీకారం ఉంటే శిక్షణ పొందిన సిబ్బంది ఇవ్వొచ్చు. ఇళ్లలో తల్లులూ తండ్రులూ రోజూ చేస్తున్న పనేగా ఇది! నర్సులున్న చోట నర్సులు ఇవ్వాలి, లేనిచోట పిల్ల ప్రాణం నర్సు నియామకం కోసం ఎదురుచూడకూడదు. కాలిఫోర్నియాలో అప్పుడు వందకు అయిదు బడుల్లోనైనా నర్సులుండేవారు. మన జిల్లా పరిషత్ బడుల్లో ఆ ప్రశ్నే లేదు.

సబ్రీనా చట్టంలో మనం అరువు తెచ్చుకోవాల్సిన ముక్క ఒకటుంది. పిల్లకు తీవ్రమైన అలర్జీ వచ్చిందని నమ్మడానికి కారణం ఉంటే, ముందస్తు అనుమతి లేకపోయినా సిబ్బంది అడ్రినలిన్ ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చేసిన పనికి వాళ్ల మీద నష్టపరిహారం దావా నడవదు. ఇంగ్లండ్ 2014 చట్టంతో జబ్బున్న విద్యార్థులకు ఆసరాగా ఉండటం బడి విధిగా చేసింది. 2017 అక్టోబర్ నుంచి డాక్టరు చీటీ లేకుండానే బడులు అత్యవసరానికి అడ్రినలిన్ పెన్నులు కొని ఉంచుకోవచ్చంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ‘504 ప్లాన్’ అంటే ఏమిటో బాగా తెలుసు. 1973 పునరావాస చట్టంలోని 504 సెక్షన్ కింద బడి, తల్లిదండ్రులు కలిసి రాసుకునే కాగితం అది. ఏ వేళకు చక్కెర చూడాలి, ఎవరు చూడాలి, విహారయాత్రకు ఎవరు వెంట వెళ్లాలి, పరీక్షలో మధ్యలో లేవాల్సివస్తే ఎలా అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. అదే కుటుంబం హైదరాబాద్ తిరిగొచ్చి పిల్లను పేరున్న బడిలో చేర్చాలంటే అలాంటి కాగితం అడిగే హక్కు ఉండదు. టైప్-1 మధుమేహం మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో లేదు. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, ఇది లేదు. చేర్చాలా వద్దా అన్నదాని మీద తల్లిదండ్రుల్లోనే రెండు మాటలున్నాయి, ఆ ముద్ర పిల్లల మీద పడుతుందని భయపడేవారున్నారు. జాబితా తేలేదాకా ఆగక్కర్లేదు.

టీచర్ల భయం గురించి న్యాయంగా మాట్లాడుకోవాలి. ‘ఏమైనా అయితే నా మీదకొస్తుంది’ అనడం పిరికితనం కాదు. పిల్ల ఒంటిమీద సూది గుచ్చిన టీచరును రేపు ఊరు నిలదీస్తే, పత్రిక రాస్తే, పైఅధికారి ముందు సస్పెన్షన్ ఉత్తర్వే చేతిలో పెడతాడని ఆయనకు అనుభవం. అంగీకారం తీసుకునే వీలు లేనప్పుడు మంచి ఉద్దేశంతో ఒకరి మేలు కోసం చేసిన పనిని నేరంగా చూడకూడదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ అంటోంది. పాత శిక్షాస్మృతిలోనూ అదే ఉండేది. అది జైలు నుంచి కాపాడుతుందేమో గానీ సస్పెన్షన్ నుంచి కాపాడదు. మోటారు వాహనాల చట్టంలో ప్రాణదాతకు ఇచ్చిన రక్షణ రోడ్డు ప్రమాదాలకే. కాబట్టి విద్యాశాఖ ఉత్తర్వులోనే ఒక వాక్యం ఉండాలి: శిక్షణలో చెప్పినట్టు, రాసిన ప్రణాళిక ప్రకారం, మంచి ఉద్దేశంతో చేసిన సిబ్బంది మీద శాఖాపరమైన చర్య ఉండదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎన్ని శిక్షణలు పెట్టినా చేతులు ముందుకు రావు.

శిక్షణ ఎవరికి అంటే వెతుక్కోనక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక ఆడ, ఒక మగ, ఆరోగ్య రాయబారులుగా ఎంచుకుని వారానికో గంట పాఠం చెప్పించాలన్నారు. పోషణ, మానసిక ఆరోగ్యం వంటి 11 అంశాల మీద పాఠాలు చెప్పడం వాళ్ల పని. లో షుగర్ వచ్చిన పిల్లను చూసుకోవడం అందులో ముఖ్య పని కాదు, కావాలి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి వస్తాయి. మొదట్లో పెట్టుకున్న 30 సమస్యల జాబితాలో టైప్-1 లేదు. ఉన్నా లేకపోయినా ఆ డాక్టరే ఆ రోజు అరపూట కూర్చుని ఆ ఇద్దరు టీచర్లకూ, పీఈటీకీ, వంట చేసేవాళ్లకూ చేతికి మీటరిచ్చి నేర్పించొచ్చు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య బడి సిబ్బంది కోసం 2013లో మొదలుపెట్టిన ‘కిడ్స్’ పథకానికి మొదట ఎంచుకున్న రెండు దేశాల్లో ఒకటి మనదే, మరొకటి బ్రెజిల్. అంటే బోధన సామగ్రి కూడా కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు.

ఒక్క మనవి. దీన్ని దీక్షా యాప్‌లో ఇంకో వీడియోగా, చివర సర్టిఫికెట్‌గా మార్చొద్దు. హాజరు, గుడ్ల లెక్క, ఫొటోల అప్‌లోడ్‌తో టీచర్ల ఫోన్లు ఇప్పటికే నిండిపోయాయి. వీడియో చూసి ఎవరూ సూది వేయడం నేర్చుకోలేరు. ఏడాదికొకసారి, చేత్తో చేసి, కొత్తగా బదిలీ మీద వచ్చినవారితో సహా నేర్పితేనే అది శిక్షణ. బదిలీల కౌన్సెలింగ్ అయిన నెలకే శిక్షణ పొందిన ఇద్దరూ వేరే మండలానికి వెళ్లిపోవడం మన దగ్గర మామూలే గనుక బడికి ఇద్దరు కాదు, నలుగురైనా నేర్చుకుని ఉండాలి.

అన్నిటికంటే ముందు ఇది జరగాల్సింది గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో. ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లకు ఉదయం, సాయంత్రం అమ్మ ఉంటుంది. గురుకులంలో నాలుగు ఇంజెక్షన్లూ పిల్ల ఒంటరిగానే వేసుకోవాలి. కస్తూర్బాల్లో ఏఎన్ఎం ఉంటుంది, ఆమె సెలవు పెట్టిన రాత్రి? సాయంత్రం కబడ్డీ ఆడిన పిల్లకు తెల్లవారుజామున రెండింటికి చక్కెర పడిపోతే పక్క మంచం పిల్ల లేపాలి, వార్డెన్ తలుపు తీయాలి, అల్మారా తాళంచెవి దొరకాలి. చక్కెర డబ్బా తాళం లేనిచోట ఉండాలన్న చిన్న సంగతే అక్కడ ప్రాణం నిలబెడుతుంది. ఇన్సులిన్ దాచడం ఇంకో చిక్కు. తెరవని వయల్ ఫ్రిజ్‌లో, గడ్డకట్టకుండా ఉండాలి. తెరిచింది చల్లని నీడలో సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే రేకుల షెడ్డులో, ట్రంకు పెట్టె అడుగున దాచిన ఇన్సులిన్ బలం పోయి నీళ్లతో సమానం అవుతుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో దాచుకోవడం మన దేశంలో డాక్టర్లే చెప్పే ఉపాయం. వార్డెన్‌కు ఎవరైనా చెప్పారా? గురుకులాల్లో కలుషితాహారం వార్త అయినప్పుడల్లా విచారణ కమిటీ వేస్తారు. లో షుగర్‌తో ఆస్పత్రి పాలైన పిల్ల ‘కళ్లు తిరిగి పడిపోయిన విద్యార్థిని’గా రిజిస్టరులో మిగిలిపోతుంది.

ప్రైవేటు బడుల కథ వేరు. అక్కడ ఏసీ బస్సుంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, కొన్నిచోట్ల నర్సూ ఉంది. కానీ అడ్మిషన్ ఫారంలో జబ్బు రాస్తే సీటు రాదేమోనని తల్లిదండ్రులు దాస్తారు. ‘మా వల్ల కాదు, రిస్క్ తీసుకోలేం’ అని మొహం మీదే చెప్పే యాజమాన్యాలున్నాయి. ఆడపిల్ల అయితే దాపరికం ఇంకా ఎక్కువ, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని. దాచిన జబ్బుకు ఏ శిక్షణా పనికిరాదు. కాబట్టి జబ్బు కారణంగా సీటు నిరాకరించడం నేరమని చెప్పాలి. చెప్పుకున్న వివరం హెచ్ఎం, క్లాస్ టీచర్, పీఈటీ, వంటగది దాటి పోకూడదని కూడా చెప్పాలి. అలా అయితేనే తల్లి నోరు విప్పుతుంది. కేరళ ‘మిఠాయి’ పేరుతో టైప్-1 పిల్లలకు ఇన్సులిన్, పరికరాలు ఉచితంగా ఇస్తోంది. అక్కడ కుటుంబాలు దాచుకోవడం కంటే నమోదు చేసుకోవడం లాభం.

ఖర్చు గురించి ఎవరూ కంగారు పడనక్కర్లేదు. ఒక గ్లూకోమీటరు, కొన్ని స్ట్రిప్పులు, గ్లూకోజ్ ప్యాకెట్లు, ఒక పోస్టరు. ఒక్క బడికి ఏడాదికి అయ్యేది విద్యాశాఖ ఒక ప్రారంభోత్సవ సభకు వేసే ఫ్లెక్సీల ఖర్చులో చిల్లర. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో పుట్టిన 108 అంబులెన్స్‌ను దేశం మన దగ్గర నేర్చుకుంది. అదే రాష్ట్రాల్లో అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలో తెలిసిన మనిషి బడిలో లేకపోవడం సిగ్గుపడాల్సిన సంగతి.

రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖల పెద్దలనూ అడిగేది ఇది. జూన్ రెండో వారంలో బడులు తెరిచేలోపు ఒక ఉత్తర్వు ఇవ్వండి. అడ్మిషన్ ఫారంలో టైప్-1, తీవ్ర ఆహార అలర్జీ కోసం ఒక గడి పెట్టండి. ఆ గడిలో టిక్కు పడిన ప్రతి పిల్లకూ డాక్టరు, తల్లిదండ్రులు, హెచ్ఎం సంతకాలతో ఒక పేజీ ప్రణాళిక రాయించండి. ఆ పేజీ మీద బాధ్యత తీసుకునే ఇద్దరు పెద్దవాళ్ల పేర్లు, వాళ్లు లేని రోజు చూసే మరో ఇద్దరి పేర్లు ఉండాలి. వాళ్లకు శిక్షణ తేదీ, వాళ్ల వెనక శాఖ నిలబడుతుందన్న వాక్యం కూడా అదే ఉత్తర్వులో ఉండాలి. మొదటి విడత గురుకులాలతో మొదలుపెట్టండి.